ఒకటైతే పెడ, రెండైతే పెడలు

సస్మితకి పుట్టుకతోనే కుడికాలు లోపలికి తిరిగి ఉంది. పాదం ఎదురుగా చూడవలసింది పోయి పక్కనున్న పాదం వైపు చూసేది. వాళ్ళది బరంపురం దగ్గర సముద్రపొడ్డున ఉన్న మార్కండి, చేపలు పట్టేవాళ్ళ ఊరు. పురుడు పోసిన ముసలామె ఆ కాలు చూసి, బిడ్డని తుడిచి, మెత్తటి పాతచీర ముక్కలో చుట్టి, తల్లి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. తెల్లారాక గుడ్డ విప్పి చూసుకున్న జగ్గమ్మ ఆ కాలికి తానే ఒక పేరు పెట్టింది. పెడకాలు. కోపం వచ్చిన మనిషి పెడమొగం పెట్టినట్టు, ఈ కాలికి ఎవరి మీదో కోపం వచ్చి అటు తిరిగిపోయిందని ఆమె ఉద్దేశం. కోపం తగ్గితే ఇటు తిరుగుతుందని కూడా కొన్నాళ్ళు అనుకుంది.

బరంపురం పెద్దాసుపత్రిలో కట్టు కట్టారు. వారం వారం తెచ్చి విప్పించి మళ్ళీ కట్టించుకోవాలన్నారు. ఆ ఏడు సస్మిత తండ్రి మసేను గుజరాత్ వైపు బోట్ల మీద పనికి పోయి ఉన్నాడు. జగ్గమ్మ చేపల బుట్ట ఎత్తని రోజున పొయ్యి వెలగదు. కట్లు సగంలో ఆగిపోయాయి. ఆ సగం కట్టు ఊసు జగ్గమ్మ ఎప్పుడూ తెచ్చేది కాదు. ఇంకెవరైనా తెస్తే బుట్ట సర్దుకుని లేచిపోయేది.

ఊళ్ళో పిల్లలు ఆ పేరుని ఎత్తుకున్నారు. కాలు తీసేసి ఒట్టి ‘పెడ’ని మిగిల్చారు. "ఓలే పెడా!" అని ఇసకదిబ్బ మీంచి అరిచేవారు. ఏడ్చుకుంటూ వచ్చిన కూతుర్ని జగ్గమ్మ దగ్గరికి తీసుకునేది కాదు.

"కాలు పెడైతే అయినాది. నోరు కూడా పెడైపోనాదేటి? తిరిగి అననేవూ?" అని కసిరేది.

తిరిగి అనడం సస్మిత అలా నేర్చుకుంది. నేర్చుకోలేనిదల్లా ఇసక మీద నడక. మార్కండిలో ఆడదాని పనంతా ఇసక మీదే. పడవ ఒడ్డుకి రాగానే బుట్ట నింపుకుని, నెత్తిన పెట్టుకుని, మెత్తటి ఇసకలో రోడ్డు దాకా గబగబా నడిచిపోవాలి. ముందు చేరినదానికే ట్రెక్కరు జీపులో చోటు. సస్మిత కుడికాలు ఇసకని నాగలిలా దున్నేది. నెత్తళ్ళు ఎండబెట్టడం, కవళ్ళ చేపలు ఏరడం చేతనవును. కూర్చుని చేసే పనులు. వాటికి ఇంట్లో అమ్మమ్మలు చాలు. పదో తరగతి అయిపోయాక ఆ పిల్ల ఏం చెయ్యాలన్నది ఎవరికీ తెలియలేదు. అంతలో ఫైలిన్ తుపాను వచ్చి ఊళ్ళో పడవల్ని ముక్కలు చేసి పోయింది. ఆ తర్వాత ఎవరూ సస్మిత గురించి ఆలోచించే తీరికలో లేరు, ఒక్క జగ్గమ్మ తప్ప.

తుపాను మరుసటి ఏడు ఒక పొద్దున జగ్గమ్మ బరంపురంలో లంజిపల్లి సందుల్లో చేపలమ్ముతోంది. ఆ సందులో శ్యామసుందర్ గారి ఇల్లుంది. వాళ్ళు బట్టల కొట్టు వాళ్ళు, కోమట్లు. చేప వాళ్ళ గుమ్మం దాటదు. జగ్గమ్మ ఆ ఇల్లు వచ్చేసరికి ఎప్పుడూ అడుగు పెంచి దాటిపోయేది. ఆ రోజు మాత్రం ఆగిపోయింది. అరుగు మీద కుట్టు మిషన్ల మెకానిక్కు కొండలు ఒక మిషన్ని బోర్లించి, దాని కాళ్ళ మధ్య తలపెట్టి, లోపలికి కేకేస్తున్నాడు.

"అమ్మగోరూ! దీని పెడ ఇరిగిపోనాదండి. కొత్త పెడ ఎయ్యాలి."

"రెండోదానిది?" లోపల్నుంచి శ్యామసుందర్ గారి భార్య వాసవీకుమారి గొంతు.

"దాని పెడ ఇనుపకంబంలా ఉన్నాదండి. రెండు పెడలూ ఒక్కపాలే పోతాయేటి?"

జగ్గమ్మ నెత్తిమీద బుట్టతోనే దగ్గరికొచ్చింది. "బాబూ, ఏటన్నావు? పెడా?"

"పెడేనమ్మా." కొండలు నోట్లో మేకు తియ్యకుండానే వేలితో చూపించాడు. నాలుగు పలకల ఇనుప రేకు, మధ్యలో పూలజాలీ లాంటి పోత. "కాలెయ్యడానికి."

"ఏ కాలు?"

"మరి పెడ మీద కాలెయ్యక సెయ్యేస్తారేటి?" అని నవ్వాడు కొండలు. "ఆ బుట్ట ఇటు తేకమ్మా, అమ్మగోరు నన్ను కూడా ఎల్లగొడతారు."

జగ్గమ్మకి కావలసింది దొరికిపోయింది. మిగిలిన చేపలు అమ్మిందో లేదో గుర్తు లేదు గాని, ఇంటికొచ్చి బుట్ట దించకుండానే చెప్పింది: "ఓలే, బరంపురంలో పెడకాలోలికి మిషనున్నాదే. దాని పేరే పెడ. ఇనపది. నా కళ్ళారా సూసినాను."

సస్మితకి అప్పటికి పదిహేడేళ్ళు. మరీ ఏదంటే అది నమ్మే వయసు కాదు. అయినా నమ్మింది. ఈ లోకంలో ఎవరో, ఎక్కడో, తన కాలుని తలుచుకుని ఒక వస్తువు తయారు చేశారన్న మాట అంతకు ముందు ఎవరూ ఆమెతో అనలేదు.

మర్నాడు తల్లీకూతుళ్ళిద్దరూ శ్యామసుందర్ గారి గుమ్మం ముందు నిలబడ్డారు. వాసవీకుమారి ఇంటి ముందు గదిలో జాకెట్లు కుట్టించేది. మిషన్ల మీద రింకి, సాయిపద్మ కూర్చుని ఉన్నారు.

"బుట్టేదీ?" అంది వాసవీకుమారి ముందుగా.

"సందు మొదట్ల పెట్టీసినానమ్మగోరూ. మీ గుమ్మంలోకి తేనేదు."

"ఏం పని మీద వచ్చావు?"

"మీ కాడ పెడ ఉన్నాది గదమ్మా. పెడకాలోలి మిషను. మా గుంటకి నేర్పుతారేటోనని."

రింకి చేతిలో గుడ్డ వదిలేసి పగలబడి నవ్వింది. సాయిపద్మ తల వంచుకుని నవ్వింది. సస్మితకి చెవులు వేడెక్కాయి. అప్పుడే మిషను కింది ఇనుప రేకు మీద రింకి కాళ్ళు చూసింది. రెండూ తిన్నగా ఉన్నాయి. వెండి పట్టీలు కూడా ఉన్నాయి.

వాసవీకుమారి నవ్వలేదు. సస్మిత కాలు వైపు చూసి, చూసినందుకు చూపు తిప్పుకుంది. "నీకెవరు చెప్పారమ్మా? ఇది అందరూ తొక్కే మిషనే. కాళ్ళు సాఫీగా ఉన్నవాళ్ళకే చక్రం మాట వినదు. ఈ పిల్ల తొక్కలేదు."

"తొక్కకుండానే తొక్కనేదంటే ఎలగమ్మా?"

"చేతి కుట్టు పనుంది. హుక్కులు, గుండీలు, అంచులు. కావాలంటే అది చెయ్యమను. రోజూ శుభ్రంగా రావాలి. పట్టుగుడ్డకి నీచు వాసన పట్టిందా, ఆ రోజే ఆఖరు."

బయటికొచ్చాక జగ్గమ్మ ఒక్క మాటే అంది. "నవ్వినోలు నవ్వుకోనీ. ఊరికే పెడతారేటి ఆ పేరు?"

సస్మిత చేతి కుట్టులో చేరింది. తల్లితో పాటు పొద్దున ట్రెక్కరెక్కేది. తల్లి బుట్ట వెనక, తను ముందు, వాసన అంటకుండా. పనిగదిలో ఒక చుడీదారు తగిలించి ఉంచుకుని, వచ్చీ రాగానే నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, బట్టలు మార్చుకుని కూర్చునేది. కుట్టిన హుక్కు ఊడేది కాదు. వాసవీకుమారి మెచ్చుకోలుగా ఏమీ అనేది కాదు గాని, పట్టు జాకెట్ల అంచులు మాత్రం మరెవరికీ ఇచ్చేది కాదు.

కాని సస్మిత కళ్ళు చేతి పని మీద ఉండేవి, చెవులు మిషన్ల దగ్గర ఉండేవి. చప్పుడు విని చెప్పగలిగేది, ఇప్పుడు తిన్నటి కుట్టు, ఇప్పుడు వంపు, ఇప్పుడు దారం తెగబోతోంది అని. చేతి కుట్టు అంటే ఒకరు కుట్టినదానికి తోక తగిలించడం. జాకెట్టు తనది అనిపించుకోదు. ఇంట్లో తల్లి రోజూ అడిగేది: "పెడెక్కినావేటి?" లేదని సస్మిత చెబితే మొహం చిట్లించుకుని చేపల బుట్ట కడిగేది. అబద్ధం చెప్పడం సస్మితకి ఇష్టం లేదు.

రెండో ఏడు దసరాలకి ముందు సాయిపద్మకి పెళ్ళి కుదిరింది. మిషను ఖాళీ అయింది. చికిటి అనే ఊరి నుంచి, మిషను పని వచ్చిన అమ్మాయి ఒకర్తె దసరా పూజ అయిన మర్నాడు చేరుతుందని వాసవీకుమారి చెప్పింది. ఆ మాట పూర్తి కాకుండానే సస్మిత లేచి నిలబడింది.

"ఆ మిషను నాకియ్యండమ్మా."

"ఎన్నిసార్లు చెప్పాలే? నీ మంచికే చెబుతున్నాను. పెళ్ళిళ్ళ పని. ఒకరు కుట్టమని ఇచ్చిన గుడ్డ. ఒక్క చంక పాడైతే మళ్ళీ అదే రంగు దొరకదు."

"మీ గుడ్డలొద్దు. కాయితాల మీద నేర్చుకుంటాను. ఆ అమ్మాయి వచ్చిన రోజున మీరే సూడండి. నాకు రాకపోతే హుక్కులేసుకుంటాను, ఈ ఊసు మరెత్తను."

వాసవీకుమారి షరతు పెట్టింది. "జాకెట్టు చెయ్యి చంకకి ఎక్కించి చూపించాలి. తిన్నటి కుట్టు కాదు, వంపు. దారం తెగకూడదు. ముడత పడకూడదు."

"హఉ," అంది సస్మిత. వాసవీకుమారి నవ్వాపుకుంది. ఒప్పుకోడానికి ఒడియా మాటే ముందు వస్తుంది ఆ ఊళ్ళో ఎవరికైనా.

అందరూ అన్నానికి లేచిన వేళ సస్మిత పాత పేపరు పరిచి, సూదికి దారం ఎక్కించకుండా, పేపరు మీద చిల్లుల గీతలు వెయ్యడం మొదలుపెట్టింది. కుడికాలుని ముక్కాలిపీట కిందికి తోసేసి ఎడమకాలొక్కటే రేకు మీద పెట్టేది. మడమతో ఒకసారి, వేళ్ళతో ఒకసారి. కాసేపు బాగానే నడిచేది. పిక్క పట్టేసేసరికి తాళం తప్పేది, తప్పగానే చక్రం వెనక్కి తిరిగేది. దారం ఉంటే అక్కడ ముడిపడి తెగుతుంది. దారం లేకపోయినా ఆ చప్పుడు గదంతా వినిపించేది.

"ఓలప్పా, కాలే కాదు, నీ మిషను కూడా పెడగానే తిరుగుతాదేటే!" అనేది రింకి, పచ్చడి నాకుతూ. అనేసి తనే వచ్చి, చక్రాన్ని ముందుకి తిప్పి పట్టుకుని, "ముందు సేత్తో తిప్పి, ఆ ఊపు మీద కాలెయ్యి. పెడ నిన్ను లాక్కెల్లకూడదు, నువ్వే దాన్ని లాక్కెల్లాలి," అని చూపించేది.

ఆ రోజుల్లోనే ఒకనాడు జగ్గమ్మ సందు మొదట్లో కొండల్ని పట్టుకుంది.

"పెడకాలికి పెడని నువ్వే గదా సెప్పినావు? మా గుంటకి ఎందుకు తిరగదు?"

"నానా? నానెప్పుడన్నానమ్మా!" కొండలు సైకిలు స్టాండు వెయ్యకుండానే నిలబడిపోయాడు. "అందరి కాలికీ అదే పెడ. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను, ఆయనా పెడే అన్నాడు. ఒకటైతే పెడ, రెండైతే పెడలు. అంతకు మించి నాకేటి తెలుసు?"

"తెలీనప్పుడు నవ్వుతా సెప్పకూడదు," అంది జగ్గమ్మ. "ఇన్నోలు నమ్ముకుంటారు."

కొండలు ఆ మాటకి చిన్నబోయాడు. ఆ సాయంత్రం అడక్కుండానే వచ్చి సస్మిత మిషను కింద పడుకుని, ఇరుసులన్నీ విప్పి తుడిచి, నూనె పోసి వెళ్ళాడు. పెడ తేలికైంది. వెనక్కి తిరగడం మాత్రం మానలేదు.

దసరా పూజనాడు మిషన్లు తొక్కకూడదు. వాసవీకుమారి వాటిని కడిగి, చక్రానికి, సూది కాడకి, కింద పెడకీ పసుపు పూసి, కుంకం బొట్లు పెట్టి, బంతిపూలు చుట్టింది. ప్రసాదం పంచే పని సస్మితది. అది అయిపోయాక తన మిషను ముందు కింద కూర్చుని కుంకం బొట్టు వైపే చూస్తోంది. రేపు చికిటి పిల్ల వస్తుంది. వంపు దగ్గర తన చక్రం ఇంకా తిరగబడుతూనే ఉంది.

వాసవీకుమారి కూతురు దివ్యశ్రీ కాలేజీలో ఇంగ్లీషు డిగ్రీ చదివేది. ఇద్దరిదీ ఒకటే వయసు. ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నిన్నొకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. తొక్కేటప్పుడు ఆ రెండో కాలు కింద దాచేస్తావెందుకే?"

"రోజూ పొద్దున అందరూ ముట్టుకుని కళ్ళకద్దుకుంటారు గదమ్మా దాన్ని. దాని మీద ఈ పెడకాలు ఎలా పెట్టను?"

"కాలు పెట్టడానికే కదా ఉంది అది?"

"మంచి కాలైతే సరే. అయినా దాని పేరే పెడ గదా. మాయమ్మ నాకోసమే సేసినారంటాది. అది నిజమైతే ఇలా ఎదురు తిరగదు."

దివ్యశ్రీకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. "పెడ కాదే తల్లీ. పెడల్! ఇంగ్లీషు మాట."

"నానూ అదే అంటన్నాను. పెడలు."

"లు కాదు, ల్. పె-డ-ల్."

"రెండుంటే పెడలు. ఒకటుంటే?"

"ఒకటున్నా పెడలే."

"ఒకదానికి లు ఏటమ్మా సోద్యం! గుండీ అంటే ఒకటి, గుండీలంటే బోల్డు. కొండలు బాబు కరెక్టుగానే అన్నాడు."

దివ్యశ్రీ నవ్వాపుకోలేక కడుపు పట్టుకుంది. మన వాళ్ళు ఇంగ్లీషు పెడల్‌కి ఉకారం తగిలించి పెడలు చేశారు. చివర లు వినబడగానే అవి చాలా ఉన్నాయనుకున్నారు. ఒకదాన్ని చెప్పాలంటే లు కత్తిరించి పెడ అన్నారు. తెలుగు నోటికి అదే న్యాయం. అప్పుడే కొనిపించుకున్న ఫోన్లో నిఘంటువు తీసి వెతికింది. వెతుకుతూనే నవ్వు తగ్గి, చదువుకునే పిల్ల మొహం వచ్చింది.

"విను. ఇంగ్లీషు వాళ్ళదీ కాదట ఈ మాట. ఫ్రెంచి వాళ్ళ నుంచి వచ్చిందట. వాళ్ళకి ఇటలీ నుంచి. ఇటలీకి లాటిన్ నుంచి. చర్చీల్లో కాళ్ళతో కూడా వాయించే పెద్ద వాయిద్యం ఒకటుంటుంది, మొదట దాని మెట్లని అనేవారట. లాటిన్లో పెస్, పెడిస్ అంటే కాలు. కాలికి సంబంధించినది పెడల్. సంస్కృతంలో పాదం అంటాం చూడు, ఆ పాదమూ ఈ పెడిసూ ఒకే తాతకి మనవలట."

సస్మితకి ఆ దేశాలన్నిటితో పనిలేదు. ఒక్కటే తెలిసింది. పెడ అంటే తిరిగిపోయినది కాదు. దాని పేరుకీ తన పేరుకీ ఏ చుట్టరికమూ లేదు. తల్లి ఒట్టినే మాట పడింది, బుట్టతో ఆగి, గుమ్మం దగ్గర నవ్వులపాలై.

"అయితే మాయమ్మ సెప్పింది అబద్దమేటి?"

"అబద్ధం కాదే. అలా వినబడిందంతే."

బంతిపూల మీద చీమ ఒకటి ఎక్కి దిగింది. అప్పుడు సస్మిత అంది: "కాలని రాసి ఉన్నాదన్నావు గదా. ఏ కాలని రాసినారు?"

"ఏ కాలేమిటి? కాలు. అంతే."

"మళ్ళీ సూడమ్మా. తిన్నటి కాలని ఏటైనా ఉన్నాదేటో."

దివ్యశ్రీ నిజంగానే మళ్ళీ చూసింది. వేలితో పైకీ కిందికీ జరిపి చూసింది. "లేదు. ఉత్త కాలే."

"ఉత్త కాలే," అంది సస్మిత. లేచి ప్రసాదం గిన్నె కడగడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు తల్లి కోసం ఆగకుండా మొదటి ట్రెక్కరుకే వచ్చేసింది. పనిగది తలుపు దివ్యశ్రీ తీసింది. సస్మిత మిషను ముందు కూర్చుని, వంగి పెడని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. చెప్పులు విడిచింది. ఎడమకాలు ముందు అంచు మీద పెట్టింది. తర్వాత పీట కింద ఉన్న కుడికాలుని రెండు చేతులతో పట్టుకుని తెచ్చి, ఇనుప రేకు మీద పెట్టింది. అది తిన్నగా నిలబడలేదు. తన స్వభావం కొద్దీ అడ్డంగా తిరిగి, రేకు వెనక అంచు పొడుగునా వాలింది. ఇనుము చల్లగా ఉంది. కుంకం కొంచెం పాదానికంటింది.

చేత్తో చక్రం తిప్పింది. ఎడమ వేళ్ళు ముందు అంచుని నొక్కాయి. వెంటనే వెనక అంచుని కుడికాలు నొక్కింది, మడమతో కాదు, పాదం మొత్తంతో. మళ్ళీ ముందు. మళ్ళీ వెనక. రెండు తిన్నటి కాళ్ళున్నవాళ్ళు వెనక అంచుని మడమ కొసతో పొడుస్తారు. ఈ కాలు దాని మీద దూలంలా పడుకుని ఉంది, జారదు. చక్రం ముందుకే తిరుగుతోంది. ఆపాలనుకున్న చోట ఆగుతోంది. ఆమె పేపరు పెట్టింది, వంపు తిప్పింది, మరో పేపరు పెట్టింది. రింకి ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఏ ఎగతాళీ చెయ్యలేదు. వచ్చి సూదికి దారం ఎక్కించి ఇచ్చింది.

వాసవీకుమారి స్నానం చేసి వచ్చేసరికి చికిటి అమ్మాయి అరుగు మీద సంచీతో కూర్చుని ఉంది. వాసవీకుమారి ఇద్దరినీ చూసి, ఇచ్చిన మాట గుర్తుంచుకుని, ఆకుపచ్చ జాకెట్టు ఒకటి తీసింది. పెళ్ళివాళ్ళది కాదు, తన సొంతది. "ఎక్కించు చెయ్యి," అంది.

చెయ్యి చంకకి ఎక్కించడమంటే రెండు వంపులని ఒక వంపు చెయ్యడం. పై గుడ్డ పెద్దది, కింది గుడ్డ చిన్నది. వేళ్ళతో కాస్త కాస్త సర్దుతూ, కాళ్ళతో వేగం తగ్గిస్తూ పోవాలి. సూది పక్కన గుడ్డని అదిమి పట్టే చిన్న ఇనుప ముక్కని అక్కడ అందరూ ఫుట్టు అంటారు. అదీ కాలేనని సస్మితకి ఆ క్షణాన తట్టింది. పైన ఒక కాలు, కింద రెండు కాళ్ళు. నవ్వొచ్చింది, ఆపుకుంది. వంపు సగంలో ఎడమ పిక్క పట్టింది. పాత అలవాటు కొద్దీ ఒళ్ళంతా బిగుసుకుంది. చక్రం ఒక్క క్షణం ఎటు పోదామా అన్నట్టు ఊగింది. కుడికాలు బరువుగా వాలింది. చక్రం ముందుకే పోయింది.

దారం తెంపి జాకెట్టు చేతికిచ్చింది. వాసవీకుమారి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, లోపలి వైపు తిప్పి, వేలితో కుట్టు వెంబడి తడుముకుంటూ పోయింది. ఒకచోట వేలాగింది.

"ఇక్కడ ముడత పడింది."

సస్మిత తల ఎత్తే ఉంచింది. అరుగు మీద పిల్ల సంచీ ఒళ్ళోకి లాక్కుంది.

"దారం తెగలేదు గదమ్మా," అంది రింకి నెమ్మదిగా.

"నిన్నడగలేదు." వాసవీకుమారి జాకెట్టు తెచ్చి సస్మిత మిషను మీద పెట్టింది. "అంతమేరా విప్పి మళ్ళీ కుట్టు. రెండో చెయ్యి కూడా నువ్వే ఎక్కించు. ఒక జాకెట్టుకి ఇద్దరి కుట్టు బాగుండదు." అని అరుగు వైపు తిరిగింది. "నీకు హుక్కులు వచ్చా అమ్మా?"

చికిటి పిల్ల ఆ పూట ముభావంగానే హుక్కులు కుట్టింది. సంక్రాంతి దాటాక వేరే చోట మిషను దొరికి వెళ్ళిపోయింది. సస్మితతో ఎప్పుడూ సరిగా మాట్లాడలేదు.

మధ్యాహ్నం జగ్గమ్మ బుట్ట ఖాళీ చేసుకుని సందు మొదట్లో నిలబడి ఉంది. పొద్దున తనని వదిలేసి వచ్చినందుకు కోపంగా ఉంది. సస్మిత కాలీడ్చుకుంటూ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"పెడెక్కినావేటి?"

"ఎక్కినాను."

జగ్గమ్మ చుట్టూ చూసింది, వినేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేకపోయినా గట్టిగానే అంది: "సెప్పినాను గదా నీకోసమే సేసినారని! నవ్వినారు! ఇప్పుడు నవ్వమను!"

లాటిన్, ఇటలీ, పాదం తాతగారు, అన్నీ సస్మిత నాలుక చివరి దాకా వచ్చాయి. తల్లి చెంగు ముడిలోంచి తమలపాకు తీసి నమలడం మొదలుపెట్టింది. గెలిచినప్పుడు మాత్రమే అలా నమిలేది. సస్మిత బుట్ట అందుకుంది. ఖాళీ బుట్టే అయినా ఆ రోజు రోడ్డు దాకా తనే మోసింది.

ఇప్పుడు మార్కండిలో రోడ్డు వారనే సస్మితకి సొంత కుట్టుగది ఉంది. గిరాకీ పెరిగి, నిరుడు మిషనుకి కరెంటు మోటారు పెట్టించింది. బిగించడానికి వచ్చినవాడు కొండలే. జుట్టు నెరిసింది, నోట్లో మేకు అలాగే ఉంది. మోటారుకీ కాలితో నొక్కే డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని నేల మీద పెట్టి, "ఇది కొత్త పెడ. మరి పాత పెడ తీసీమంటావేటమ్మా? అడ్డం," అన్నాడు.

"ఒద్దు, ఉంచు. తుపానొస్తే నెల్లాళ్ళు కరెంటుండదు. అప్పుడు నీ మోటారుతో ఏటి కుడతాను?"

"అయితే రెండు పెడలూ ఉంచుకుంటావన్నమాట."

"రెండు పెడలూను," అంది సస్మిత.

ఆ ఏడే జగ్గమ్మ చనిపోయింది. చేపలకి వెళ్ళొచ్చి, బుట్ట కడిగి బోర్లించి, ఆయాసంగా ఉందని పడుకుని మరి లేవలేదు. ఆమె కొలత ఏ టేపుతోనూ తియ్యకుండానే సస్మితకి తెలుసు. ఆమె కోసం కత్తిరించిన నీలం జాకెట్టు ఇంకా చేతులు ఎక్కించకుండా అరలో ఉంది. దినాలు కాగానే సస్మిత దాన్ని తీసి, మోటారు తీగ పీకేసి, పాత పెడ మీద కాళ్ళు పెట్టి, రెండు చేతులూ ఎక్కించి, హుక్కులు కూడా కుట్టి, మడత పెట్టి మళ్ళీ అరలో పెట్టింది. సగంలో ఆపెయ్యడం ఆ ఇంట్లో ఒకసారి చాలు.

పని నేర్చుకోడానికి ఊళ్ళో ఆడపిల్లలు కొందరు వస్తున్నారు. నిన్న కొత్తగా చేరిన పిల్ల ఒకతె, చాకిరీకి అలవాటు పడ్డ ఇసక కాళ్ళతో, మిషను ముందు కూర్చుని కాళ్ళు పీట కిందికి ముడుచుకుంది.

"ఇదేటక్కా?"

"పెడ."

"పెడంటే?"

సస్మిత దగ్గర రెండు అర్థాలున్నాయి. ఒకటి దివ్యశ్రీ ఫోన్లోది, రెండోది తల్లిది. ఆమె వంగి ఆ పిల్ల మోకాలి మీద తట్టింది.

"ముందు కాలు పెట్టు. సెప్తాను."